పొట్టి కుళాయిలు

పిల్లలు లేక మూతపడ్డ బడిని వృద్ధుల ఆసుపత్రిగా మారుస్తున్నారు. కుళాయిలు పైకెత్తడానికి ప్లంబరు గోడ మీద ఉలి పెట్టాడో లేదో, అతని నానమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఏం చేస్తున్నావురా?"

"ఇవి పిల్లల ఎత్తుకి పెట్టిన కుళాయిలు నానమ్మా. ఇప్పుడు ఊళ్ళో పిల్లలేరీ? అంతా మీరేగా!"

"పెళ్ళంటే పారిపోయేవాడివి, నువ్వా ఆ మాటనేది?"

"మళ్ళీ మొదలెట్టావా! పక్కకి జరుగు."

"ఆగు. చిన్నప్పుడు ఇక్కడే పలక కడిగేదాన్ని. పెరిగాక ఇది మోకాళ్ళ దాకా దిగిపోయింది. ఇప్పుడు చూడు!"

గూనితో నిలబడ్డది నిలబడ్డట్టే కుళాయి తిప్పి, మనవడి మొహాన నీళ్ళు చిలకరించింది.

"భలే అందిందే! మరి తెచ్చిన పైపులేం చెయ్యను?"

"ఇదే ఎత్తులో ఇంకో నాలుగు కుళాయిలు పెట్టు. మా క్లాసంతా మళ్ళీ చేరుతోంది!"