గవరమ్మ ఓటు ఏ ఒడ్డుది

గవరమ్మని ఒకావిడుండేది, తాటివాగు ఒడ్డున ఒంటరి ఇల్లు ఆవిడది. ఆ వాగే మన రెండు పార్లమెంటు సీట్లకీ సరిహద్దు, తెలుసు కదా? పడమటేపు కొండలూ జీడితోటలూ, అదంతా కొండ సీటు. తూరుపేపు కొబ్బరితోటలూ ఉప్పుమళ్ళూ, సముద్రం దాకా అదంతా రేవు సీటు. కొండ సీటోళ్ళు ఎప్పుడూ గొడుగు గుర్తుకే. పెనుగాలికి జీడితోటలు పడిపోయిన ఏడు మాత్రం కోపమొచ్చి తక్కెడకి గుద్దేరంట, మళ్ళీ మామూలే. రేవోళ్ళకి తక్కెడ తప్ప ఇంకో గుర్తు కంటికానదు. గవరమ్మది కొండ సీటు. పెళ్ళయొచ్చిన కాణ్ణించి ఒక్క ఓటూ ఒదల్లేదు. ఎందుకంటారా, ఆవిడ మొగుడు సన్నాసి మొదట్నించీ సెప్పేవోడంట, పోయేముందూ అదే మాట, ఒసే, ఓటు మాత్రం మానకు, మానినోళ్ళని ఓట్ల పుస్తకంలోంచి కొట్టేసి సచ్చిపోయినోళ్ళలో కలిపేస్తారు అని. ఆ మాట ఆవిడ గుండెల్లో ఉండిపోయింది.

ఏమైందంటే, ఓ ఏడొచ్చిన పెద్ద వరదకి వాగు దారి మార్సింది. ఇంటికి తూరుపున పారే నీళ్ళు పడమటికొచ్చేసేయి. ఇల్లు కదల్లేదు, గవరమ్మ కదల్లేదు, వాగే కదిలింది. ఓట్ల రోజు పొద్దున్నే ఉతికిన సీర కట్టుకుని, మోకాలు దాకా నీళ్ళల్లో దిగి కొండేపు బడికెల్లిందంట. అక్కడ ఆఫీసరు పుస్తకం తిరగేసేడు. సన్నాసి పేరుంది, పోయి నాలుగేళ్ళయినోడి పేరు, ఈవిడది లేదు! "నీ ఇల్లిప్పుడు వాగు అవతల కదమ్మా, అవతలి బూతుకెళ్ళు" అన్నాడంట. మాది అవతలేటి బాబూ, మాది ఎప్పుడూ ఇవతలే అంది గవరమ్మ. ఆయన నవ్వేడు. సరే అనుకో, మళ్ళీ వాగు దాటి, ఇల్లు దాటి, రేవు బడికెల్లింది. అక్కడాఫీసరు పటం తీసి వేలెట్టి సూపించేడు. "కాగితంలో గీత పాత వాగుదమ్మా. దాని లెక్కన నీ ఇల్లు అవతల. అవతలికే వెళ్ళు" అన్నాడంట. ఇక్కడా ఆవిడ పేరు లేదు. ఓరి నాయనా, ఇవతలున్నానంటే అవతలంటారు, అవతలికెల్తే ఇవతలంటారు, నానెక్కడున్నాను అనుకుందంట. మళ్ళీ కొండేపు, మళ్ళీ రేవేపు. మొత్తం నాలుగుసార్లు వాగు దాటింది. సీర తడిసి కాళ్ళకి సుట్టుకుంది. తన ఇంటి ముందు నుంచే ఎల్తూ, ఈ ఇల్లెవరిదో అని ఓ నిమిషం నిలబడి సూసిందంట, నవ్వకండి మరి.

పొద్దు వాలిపోతంది. ఇంక ఎటూ ఎల్లలేక, వాగు నడిమజ్జిన బండొకటుంటే దాని మీద కూకుని ఏడ్సిందంట. "ఓరి బాబుల్లారా, నాను బతికే ఉన్నాను, మీలో ఎవరో ఒకరు ఒప్పుకోండిరా" అని కేకలు. ఇద్దరాఫీసర్లూ పరుగున చెరో ఒడ్డుకీ వచ్చేరు. ఆయన ఈయన్ని సూపించి అవతల అంటాడు, ఈయన ఆయన్ని సూపించి అవతల అంటాడు. ఈలోగా టైమైపోయింది, రెండు బూతులూ మూసేసేరు. మరి జాలో, భయమో, కొండాఫీసరు సిరా బుడ్డి పట్టుకుని నీళ్ళల్లో దిగి ఆవిడ ఎడం చేతి వేలికి సుక్కెట్టేడంట. అది సూసి రేవాఫీసరూ దిగి కుడి చేతికెట్టేడు. ఓటు మాత్రం ఎవరూ వెయ్యనివ్వలేదు.

ఇంటికొచ్చేక కోడలు రెండు చేతులూ సూసి, ఇదేటత్తా, ఎవరికేసేవు అందంట. గవరమ్మ తడిసీర పిండుకుంటూ, "ఇవతలోడికే" అంది. అని లోపలికెల్లి, సన్నాసి పటానికి రెండు వేళ్ళూ ఎత్తి సూపించిందంట.

అదీ సంగతి. ఆ ఏడు కొండ సీటు గొడుగుదే, రేవు సీటు తక్కెడదే. గెలిసినోళ్ళిద్దరూ ఆ వాగు దాకా వచ్చి, వంతెన కట్టడం అవతలోళ్ళ పనని సెప్పి ఎల్లిపోయేరు. మీరెటునుంచొచ్చేరో గాని, ఎల్లేటప్పుడు సీర్లూ పంచెలూ ఎత్తి కట్టుకోండి.