చరిత్ర సంఘంలో నేను చేరిన రోజు

తర్నోవో ఊళ్ళో నది ఒడ్డున కాఫీ కొట్టు. మంగలి డాంచో సాయంత్రం షాపు కట్టేసి వచ్చాడు. రిటైరైన బడిపంతులు ఒగ్న్యాన్ అప్పటికే కబుర్లు మొదలుపెట్టేశాడు. పక్కన రుమెనా, అతనితో కలిసి చదువుకున్నావిడ, చాలా ఏళ్ళకి ఊరొచ్చింది.

"ఇప్పుడైతే సంఘంలో చేరడమంటే ఒక సంతకం. మా రోజుల్లో అలా కాదురా డాంచో. చరిత్రలో పైచదువులు చదివేవాళ్ళ సంఘమంటే పద్నాలుగు మంది, మెట్ల కింద ఒక గది, బొగ్గు పొయ్యి. ఆ పొగ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. చేరాలంటే కాగితం చూడకుండా ఒక పాత వస్తువు గురించి పది నిమిషాలు మాట్లాడాలి. నేనా, గొర్రెల ఊరి నుంచి వచ్చినవాణ్ణి, పలకరించే దిక్కు లేదు. వీళ్ళూ వద్దంటే పెట్టె సర్దుకుని ఇంటికి పోదామనుకున్నా. మా తాత గొర్రె మెడలో కట్టిన కంచు గంట పట్టుకెళ్ళి, పది నిమిషాలు గడగడా మాట్లాడేశా."

"పదేనా?" అన్నాడు డాంచో.

"పదే అనుకున్నా. తీరా చూస్తే మూడు గంటలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ తెరిచుందిగా, ఎదురు కొట్టు ముందు రొట్టెల క్యూలో వాళ్ళంతా క్యూ వదిలేసి కిటికీ దగ్గరికొచ్చేశారు. రొట్టెలమ్మే ఆవిడ కొట్టుకి తాళం వేసి మరీ వచ్చింది. గంట కథలో నేను సుల్తానుల పన్నుల దాకా వచ్చేసరికి, దక్షిణానికి పోతున్న కొంగలు ఇళ్ళ కప్పుల మీద దిగి కూర్చున్నాయి."

"బొగ్గు పొయ్యి వెలిగే చలికాలానికి కొంగలన్నీ వెళ్ళిపోయుంటాయిగా మాష్టారూ?"

"నా మాటలు వింటూనే కదా వాటికి ఆలస్యమైంది. అప్పుడు గంట ఒక్కసారి మోగించా. కోటలో పాతిపెట్టిన రాజుగారు లేచి, దుమ్ము దులుపుకుని, కొండ దిగొచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను చెప్పిన యుద్ధం తేదీకి చెయ్యెత్తి, 'ఏడాది తేడా ఉంది నాయనా' అన్నాడు. నేను తగ్గుతానా, పుట నెంబర్లతో సహా చెప్పా. పాపం తల గోక్కుని, 'నువ్వే కరెక్టు, నాకప్పుడు జ్వరం' అని ఒప్పుకున్నాడు."

నవ్వొచ్చి, డాంచో కాఫీ మింగలేక దగ్గాడు.

"ఆ రోజు జరిగిందంతా సంఘం పుస్తకంలో రాసింది నేనే, ఒగ్న్యాన్," అంది రుమెనా మెల్లగా. "లేచి పేరు చెప్పావు. ఇక మాట రాలేదు. గంట పట్టుకుని పది నిమిషాలూ అలాగే నిలబడ్డావు. చెవులు ఎర్రగా అయిపోయాయి."

డాంచో నవ్వబోయి, ఒగ్న్యాన్ మొహం చూసి ఆగిపోయాడు.

"మరి నన్నెందుకు తీసుకున్నారు?" అన్నాడు ఒగ్న్యాన్. "యాభై ఏళ్ళుగా అడగలేకపోయా."

"మేం పద్నాలుగు మందిమీ మాట్లాడేవాళ్ళమే. ఒకరి మాట ఒకరు వినేవాళ్ళం కాదు. నీ తర్వాత నేను లేచి నా వ్యాసం చదివా. చివరిదాకా విన్నది నువ్వొక్కడివే. వినేవాడు ఒకడైనా ఉండాలని అందరం చేతులెత్తాం."

"మఠాల్లో మైనపు వత్తుల గురించి చదివావు," అన్నాడు ఒగ్న్యాన్.

"వత్తుల గురించి ఏముంటుంది మాష్టారూ? చెప్పండి," అన్నాడు డాంచో.

"నేను కాదు. ఆవిడ చెప్తే మళ్ళీ వింటా."