గోడ మీద నూనె మరక

టీ కొట్టు ముందు రెండు బెంచీలుంటే, అందులో ఒకటి మొత్తం మురికి మాస్టారిదే. మనిషి బక్కగానే ఉంటాడు గానీ మాట్లాడటం మొదలుపెడితే చేతులు ఆడించుకోడానికి చోటు కావాలి. ఎదురు మేడ మూడో అంతస్తులో సినిమాలకి కంప్యూటర్ బొమ్మలు చేసే ఆఫీసుంది. అక్కడ ఆయన పని మురికి పట్టించడం. కంప్యూటర్లో గోడ కట్టినా, కారు చేసినా, కత్తి చేసినా, అన్నీ అప్పుడే తోమి తుడిచినట్టు మెరుస్తూ పుడతాయి. అలా ఉంటే చూసేవాళ్లు నమ్మరు. వాటికి దుమ్ము, తుప్పు, గీతలు, మరకలు అద్ది, చేతులు తగిలే చోట కాస్త అరగదీసి, పాతబడేట్టు చెయ్యాలి. పందొమ్మిదేళ్లుగా ఆయన చేస్తున్నది అదే. మురికి మాస్టారని పిలిస్తే గర్వపడతాడు తప్ప కోపం తెచ్చుకోడు.

ఆరోజు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నాడు.

"అన్యాయం కాకపోతే ఏమిటి మావయ్యా ఇది? పందొమ్మిదేళ్ల మనిషిని పట్టుకుని సాక్ష్యం తెమ్మంటారా?"

మావయ్య అంటే ఆ మేడ కాపలా మావయ్య. వీధిలో అందరికీ ఆయన మావయ్యే. రెండో బెంచీ మీద, మెకానిక్ పక్కన కూర్చుని, మాస్టారిచ్చిన కాగితాన్ని కళ్లజోడు లేకుండా దూరంగా పెట్టి చదువుకుంటున్నాడు. ఆ బెంచీ చివర, సగం గాలిలో సగం బల్ల మీద కూర్చున్నట్టు ఒదిగి కూర్చున్నది కొత్తమ్మాయి. మాస్టారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరి మూడు నెలలు. గడువు ఇవాళ్టితో ఆఖరు.

సంగతేమిటంటే, సినిమా చివర పడే పేర్ల జాబితా ఆ సాయంత్రం ఐదింటికి వెళ్లిపోతుంది. అందులో, సినిమాలో కనిపించే ఓ ముసలమ్మ గది గోడకి ఒక్క పేరు వేస్తారు. దర్శకుడు ఆ గోడ దగ్గర సినిమా ఆపించి, ఇది చేసినవాళ్లని వదులుకోకండి అన్నాట్ట. కాబట్టి పేరు పడితే ఆ అమ్మాయికి ఉద్యోగం, పడకపోతే సంచి సర్దుకుని ఇంటికి. గోడ చేసింది ఆమే. పదిహేడు రోజులు చేసింది. కానీ కొత్తవాళ్లకి సొంత లాగిన్ ఇవ్వరు, పెద్దవాళ్ల లాగిన్లోనే పని చెయ్యాలి. కంప్యూటర్ని అడిగితే ప్రతి ఫైలు మీదా మాస్టారి పేరే చెబుతుంది. ఆ అమ్మాయి సోమవారం మేనేజరుకి ఒకే ఒక్క వాక్యం రాసిచ్చింది: సర్, అమ్మమ్మ గది గోడ నేను చేశాను. మేనేజరు తల పట్టుకుని, సాయంత్రాలు మేడంతా తిరిగేది కాపలా మావయ్య ఒక్కడే కదా, ఎవరు చేశారో ఆయన రాసిస్తే ఆ పేరే వేస్తానన్నాడు.

ఇప్పుడు నాలుగు దాటింది. మాస్టారు తన పేరుతో కాగితం రాసే తెచ్చాడు, మావయ్య సంతకమే తక్కువ.

"సంతకానికేం గానీ మాస్టారూ," అన్నాడు మావయ్య, "మీరిద్దరూ ఆ గదిలో ఉండటం చూశాను. ఎవరి చెయ్యి ఏం చేసిందో నేనెలా చూస్తాను?"

"అయితే మొదట్నుంచీ చెప్తాను, విను. మధ్యలో అడ్డం రాకండి ఎవరూ. సినిమాలో ఓ ముసలమ్మ ఇల్లు. ముసలమ్మ కనపడదు, పోయింది. ఖాళీ గది చూపించాలి, చూడగానే ఇక్కడో మనిషి బతికిందని తెలియాలి. ఇది ఎవరు చేస్తారు అని దర్శకుడు అడిగితే ఒక్కడూ తలెత్తలేదు. నేను, సరే చూద్దాం లెండి, అన్నాను. అంతే, గొప్పలు పోలేదు. మంగళవారం పొద్దున్న కూర్చుని గోడకో మరక పెట్టాను. తలకి నూనె రాసుకుని రోజూ గోడకి ఆనుకుంటే పడుతుంది చూడు, ఆ మరక. చిన్న పనే. మధ్యాహ్నానికి అయిపోయింది."

ఆ మంగళవారం మాస్టారు మోకాలి నొప్పని సెలవు పెట్టాడు. కొత్తమ్మాయికి కడుపు మండిపోయింది. ఈ మనిషే మొదటి వారం పక్కన కూర్చోబెట్టుకుని, మనుషులు తిరగని చోట దుమ్ము, తిరిగే చోట అరుగుదల, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే అన్నం తింటావమ్మా అని నేర్పాడు. నేర్పినవాడే నోటి దగ్గర కూడు లాక్కుంటుంటే ఎవరితో చెప్పుకోవాలో ఆమెకి తెలియలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు ఆఫీసు ఊడ్చే ఆవిడొచ్చి తడిగుడ్డ పెట్టి నా స్క్రీన్ తుడవటం మొదలెట్టింది. తుడుస్తోంది, తుడుస్తోంది. ఏమిటమ్మా అంటే, ఏం మనుషులు బాబూ, కంప్యూటర్‌కి తల ఆనించి పడుకుంటారా అని నన్నే తిట్టింది."

"జరగొచ్చులే," అన్నాడు మెకానిక్.

"జరగొచ్చేమిటి, జరిగింది. ఇక చూడు, హాల్లో పదిమందికి వేసి చూపించారు. మొదటి వరసలో తెల్లచొక్కా పెద్దమనిషి, ఆ గోడ రాగానే లేచి నాలుగు వరసలు వెనక్కిపోయి కూర్చున్నాడు. ఏమండీ అంటే, కొత్త చొక్కా బాబూ, నూనె అంటుతుందని భయం అన్నాడు. సరే, ఆయన సంగతి వదిలెయ్. సినిమా అయిపోయింది, దీపాలు వేశారు, మరక మాత్రం తెర మీదే ఉంది."

"దీపాలు వేశాక కూడానా?"

"వేశాకే ఇంకా బాగా కనపడింది. హాలు ఓనరు నా మీద యుద్ధానికొచ్చాడు. సబ్బునీళ్లతో కడిగించాడు, పోలేదు. సున్నం కొట్టించాడు, ఒకటి కాదు, మూడు పూతలు. తెల్లారేసరికి సున్నం మీదకి నూనె ఊరింది."

"తెరకి సున్నం కొడతారా ఎవరైనా?" అంది టీ అక్క, గ్లాసులు కడుగుతూ.

"కోపమొస్తే కొడతారమ్మా. నువ్వు టీ సంగతి చూడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసనకి చీమలు. పదీ వందా కాదు, ఊళ్లో ఉన్న చీమలన్నీ బారులు కట్టి హాలుకి బయల్దేరాయి. మూడు వీధుల్లో బళ్లు ఆగిపోయాయి. పోలీసాయన ఈల వేస్తే మనుషులు ఆగారు గానీ చీమలు ఆగలేదు. అప్పుడొచ్చారు పరీక్షలు చేసేవాళ్లు, తెల్లకోట్లు వేసుకుని ముగ్గురు. ఆ మరకని సీసాలోకి గీక్కెళ్లి, నాలుగు రోజులు తలుపులేసుకుని, చివరికి ఏం రాసిచ్చారో తెలుసా? ఈ నూనె ఎనభై ఏళ్ల నాటిది, రాసుకున్నావిడ రోజూ మధ్యాహ్నం రెండింటికి కునుకు తీసేది, పెద్దకోడలితో పడేది కాదు, అని."

"కోడలి సంగతి నూనెలో తెలుస్తుందా మాస్టారూ?" మెకానిక్ చాలా మర్యాదగా అడిగాడు.

"మంచి మరకైతే తెలుస్తుంది. నువ్వు రోజూ చూసే ఆయిలు మరకలు వేరు, ఇది వేరు. అక్కడితో ఆగిందా? చంద్రుడి చుట్టూ తిరిగే యంత్రం ఒకటి భూమిని ఫొటో తీసింది. తీస్తే మన ఊరి మీద మరక. వాళ్లు తమ కెమెరా అద్దానికే మురికి పట్టిందనుకున్నారు, పాపం. ఆ అద్దం తుడవటానికి ఇంకో యంత్రాన్ని పైకి పంపారు. అది వెళ్లి తుడిచింది, తుడిచింది, అద్దం అరిగిపోయింది గానీ మరక పోలేదు. ఆఖరికి నాకు ఫోన్ చేసి, అయ్యా, మీరే ఏదో ఒకటి చెయ్యండి అని బతిమాలుకున్నారు."

"చేశారా?"

"ఎందుకు చేస్తాను? నా పనితనం నేను చెరుపుకుంటానా?" మాస్టారు లేచి నిలబడ్డాడు. "అలాంటి మరక పెట్టినవాడిని, సాక్ష్యం ఏదని అడుగుతున్నారు ఇవాళ. నిన్నగాక మొన్నొచ్చి, బ్రష్షు ఎలా పట్టుకోవాలో నేను చూపిస్తే నేర్చుకున్నవాళ్లు, నాదంటే నాదని పైకి కాగితాలు రాస్తున్నారు. వాళ్లకి సిగ్గు లేకపోతే వినేవాళ్లకి ఉండొద్దా? నా జీవితంలో ఒక్క సినిమాలో నా పేరు సరిగ్గా పడలేదు మావయ్యా. ఇతర సహకారం అని ఒక గుంపులో తోసేశారు పందొమ్మిదేళ్లు. ఈసారి ఊరుకోను."

చివరి మాటల్లో అబద్ధం లేదని కొత్తమ్మాయికి తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఆయనకి జరిగిన అన్యాయాన్ని తెచ్చి తన నెత్తిన రుద్దుతున్నాడు. ఇంత మాట్లాడినా ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు.

మావయ్య కాగితాన్ని మోకాలి మీద పరుచుకున్నాడు. మాస్టారు పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"సంతకం పెడతాను గానీ, నాదో చిన్న అనుమానం," అన్నాడు మావయ్య. "ఆ గోడ బొమ్మ గేటు దగ్గర నా బల్ల పైన అతికించారు కదా. నాలుగు రోజులుగా దాన్నే చూస్తూ కూర్చుంటున్నాను. పెద్ద మరక సరే, ముసలమ్మ తల ఆనించిన చోటు. దాని పక్కన జానెడు కింద ఇంకోటుందే, చిన్నది. అదేమిటి?"

మాస్టారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇంకోటా?" అన్నాడు.

ఆ మాట నోరు జారి వచ్చేసింది. టీ అక్క గ్లాసు కడగటం ఆపేసింది. మెకానిక్ మావయ్య వైపు చూశాడు, మావయ్య ఎటూ చూడలేదు.

"ఓ, అదా," మాస్టారు సర్దుకున్నాడు. "అది నేను పెట్టలేదు. నిజం ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు? నేను పెట్టింది ఒక్కటే మరక. కానీ అదెంత ప్రాణమున్న మరకంటే, నాలుగు రోజులకి దానంతటదే పక్కన పిల్లని పెట్టింది."

మెకానిక్‌కి టీ ముక్కులోకి పోయింది. దగ్గుతూనే, "మరకకి పురుడెవరు పోశారు మాస్టారూ?" అన్నాడు. టీ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వండి, నవ్వండి. పనితనం తెలియనివాళ్లు నవ్వకేం చేస్తారు?"

"అది పిల్లదే సర్," అంది కొత్తమ్మాయి.

మూడు నెలల్లో ఆ బెంచీ మీద ఆమె మాట్లాడటం అందరూ వినడం అదే మొదటిసారి. మిగతాది మాస్టారి వైపు కాకుండా మావయ్య వైపు తిరిగి చెప్పింది.

"ఎదురుగా కిటికీ ఉంటుంది మావయ్యా. వెలుతురు బాగుంటుందని మనవరాలు అమ్మమ్మ పక్కనే కూర్చుని చదువుకునేది. అమ్మమ్మ తన తలకి రాసుకున్న చేత్తోనే దాని తలకీ రాసేది, అందుకే రెండు మరకల రంగూ ఒకటే. ముసలావిడ కదలదు కాబట్టి ఆవిడ మరక గుండ్రంగా ఉంటుంది. పిల్ల కుదురుగా కూర్చోదు, అందుకే దానిది అడ్డంగా సాగి ఉంటుంది. దాని పైన ఇంకో రెండున్నాయి, బాగా పలచన. నీ బల్ల దగ్గర బొమ్మలో కనపడవు. పిల్ల పొడుగు పెరిగే కొద్దీ మరక పైకి జరిగింది."

"ఆ పైన?"

"ఆ పైన లేవు," అంది ఆమె. "దానికి పదమూడేళ్లొచ్చాక, జిడ్డు, కంపు అని నూనె మానేసింది. అమ్మమ్మ పక్కన కూర్చోవడం కూడా మానేసింది. ఆవిడ పోయాక ఇంటికెళ్లి చూస్తే గోడకి రంగు వేసేశారు. అందుకని గుర్తున్నంత వరకూ మళ్లీ పెట్టాను."

మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"లాగిన్ నాది," అన్నాడు మాస్టారు. ఇందాకటి గొంతు కాదది.

"లాగిన్ నీదే మాస్టారూ, కాదనను," అన్నాడు మావయ్య. "అమ్మమ్మ మాత్రం నీది కాదు."

మాస్టారు కూర్చున్నాడు. కూర్చుంటే బెంచీలో సగం కూడా నిండలేదు. మావయ్య ఆయన కాగితాన్ని మడిచి ఆయన జేబులోనే పెట్టి, తన చిన్న పుస్తకంలోంచి కొత్త కాగితం చింపుకున్నాడు. చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఇంటిపేరుతో సహా చెప్పమ్మా," అన్నాడు. "మెల్లిగా చెప్పు. నేను తప్పు రాస్తే తెర మీద తప్పే పడుతుంది."

ఆ అమ్మాయి బెంచీ మీద నిండుగా జరిగి కూర్చుని, ఒక్కో అక్షరం విడివిడిగా, రోడ్డు అవతలికి కూడా వినపడేలా చెప్పింది.