నిద్ర చెదరకుండ దుప్పటి మార్చినోడు

"దగ్గరికి రాండ్రి, ఇంకా దగ్గరికి జరగుండ్రి. రుత్విక్, తలుపుకు అడ్డం కూసోకు, మాట లోపలికి పోవాలె," అన్నాడు ఎల్లేశం.

సెంటినరీ కాలనీలో కొడుకు క్వార్టర్ వరండా అది. లోపల మంచంలో ఎల్లేశం భార్య లింగవ్వ ఉంది. బొగ్గు బాయి పని నుంచి దిగిపోయినా ఎల్లేశానికి కోతలు మాత్రం తగ్గలేదు. అతనెంత కోసినా వంటింట్లోంచి "ఇగ సాలు, నేనుండంగనే గిన్ని చెప్తున్నవ్" అని కథను కూల్చేది ఆమే. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ గొంతు లేదు. మాట తిరిగి రావచ్చు, ఆమెతో మాట్లాడుతూ ఉండండి అన్నాడు డాక్టరు. అందుకే రోజూ పొద్దుగూకేసరికి మనవడు రుత్విక్‌నీ చుట్టుపక్కల పిల్లల్నీ పోగేసి, తలుపు బార్లా తీసి మొదలుపెడతాడు.

"మీ అవ్వ కోసం గోదారిఖనిల నర్సింగ్ ట్రైనింగుల చేరిన గద. అందరు ఇంటర్ సదివిన ఆడపిల్లలు, నడుమ మీసాలోన్ని నేనొక్కన్నే. మేడం ప్లాస్టిక్ బొమ్మను పండవెట్టి, రోగి కదలకుండ దుప్పటి మార్చుండ్రి అన్నది. ఒక పక్కకు ఒత్తిగిలవెట్టాలె, పాతది వీపు దాక చుట్టాలె, కొత్తది పరవాలె, మళ్ల ఇటు దొర్లియ్యాలె. మార్చిన. బొమ్మ రెప్ప సుత కొట్టలె."

"బొమ్మ రెప్పెట్ల కొడ్తది తాతా?" అంది పక్క క్వార్టర్ పిల్ల సంతోషి.

"మేడం గూడ గదే అన్నది. నిజం మనిషినే తెచ్చిండ్రు. క్వింటాలున్నర కాంట్రాక్టరు, గురక పెడితె కిటికీలు కొట్టుకుంటయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద దుప్పటి మారింది, మీద గురక ఆగలె."

ఎల్లేశం లోపలికి చెవి పెట్టాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. గొంతు పెంచాడు.

"ఇగ కమాన్‌పూర్ల పండుకున్న బర్రె కింద గడ్డి మార్చిన. నోట్లె నెమరు ఆగలె, వీపు మీది కాకి లేవలె."

మళ్లీ ఆగాడు. ఫ్యాను తిరుగుతోంది.

"ఆఖరి పరీక్ష ఇనుండ్రి. ఆదివారం మధ్యాన్నం కోడికూర తిని కాలనీ అంత కునుకు తీస్తున్నది. క్వార్టర్లన్ని ఒక పక్కకు ఒత్తిగిలవెట్టిన. బొగ్గు దుమ్ము పట్టిన భూమిని చాపలెక్క చుట్టి అవతల వడేసిన. గోదారి ఇసుక తెచ్చి తెల్లగ పరిచిన, క్వార్టర్లను ఇటు దొర్లిచ్చిన. అవతల బ్లాస్టింగ్ అయితనే ఉన్నది, ఒక్కలు లేస్తె ఒట్టు. రుత్విక్, మీ నాయన మూతి మీది ఈగ గూడ లేవలె."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఎల్లేశం మీసం దువ్వాడు. "నా చెయ్యి వడ్డదంటె మనిషికి తెల్వనే తెల్వది."

సంతోషి నవ్వలేదు.

"మరి పొద్దుగాల అవ్వ ఎందుకేడ్చింది తాతా?"

"ఎప్పుడు?"

"నేను పాల పాకిట్ ఇయ్యొచ్చినప్పుడు. నువ్వు అటు మొకం పెట్టి దుప్పటి గుంజుతున్నవ్. అవ్వ పడిపోయిన చెయ్యి వీపు కింద ఇరికింది. కండ్లెంబడి నీళ్లు కారుతున్నయ్. చెప్పస్తలేదు గద ఆమెకు."

మీసం మీది చెయ్యి దిగింది. పొద్దున దుప్పటి మార్చినప్పుడు ఆమె నుంచి చప్పుడు రాలేదు కాబట్టి నొప్పి లేదనుకున్నాడు అతను. ఆ సంబరంతోనే ఇవాళ కథ ఇంత దూరం వచ్చింది.

వెనక్కి తిరిగి చూశాడు. లింగవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి. అతన్నే చూస్తోంది.

ఎల్లేశం గోడ పట్టుకుని లేచాడు.

"పోండ్రి బిడ్డా, ఇండ్లల్ల ఎదురు సూస్తుంటరు. బువ్వ తినుండ్రి. తినేటప్పుడు మాట్లాడొద్దని ఎవలన్న అంటె ఇనకుండ్రి. నోట్లె మాట ఉన్నన్నాళ్లు మాట్లాడుకుంటనే తినుండ్రి."