దగ్గు లేని మాట

ఆ సౌండు బంద్ చెయ్యుండ్రి మేడం. మా బాపు గొంతు ఇనుకుంట మీతోని కొట్లాడుడు నాతోని కాదు.

అక్కా అని పిలువుమన్నరు. మీ ఎంబడి పనిచేసిన నెల రోజులు పిలిచిన. ఇగ పిలువ.

ఖాళీ క్వార్టర్ల నల్లగుడ్డలు కట్టి, ఐదు తెరలు పెట్టి, బొగ్గు బాయి పనోళ్ళ ముచ్చట్లు ఆడిస్తున్నరు. రోజుకింత సౌండు తగ్గిస్తరట, పదో రోజుకు ఉత్త పెదవులే కదులుతయట. ఏదీ నిలువదని చూపించుడట. మంచిగనే ఉంది. బాయిల దిగిన మనిషి మళ్ళా ఎక్కుతడో లేదో అని ముప్పై ఏండ్ల సంది గడియారం చూస్తున్న మా అమ్మకు చెప్పుండ్రి, ఏదీ నిలువదని.

పదో రోజుకు పోతే నాకేంది? మొదటి రోజే ఇనవల్సినాయన ఇనిపాయె. ఎవరా? మెడికల్ బోర్డుల కూసునే డాక్టరు. రిబ్బను కత్తిరియ్యనీకి మీరే పిలిచిండ్రు.

మా బాపు యిర్మియాకు మోకాళ్ళు పోయినయి. ఊపిరి ఆడదు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుంటడు. బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఆయన ఇంట్ల కూసుంటడు, ఆ కొలువు నాకొస్తది. ఇంటర్ తప్పి జిరాక్స్ షాపుల నిలవడే నాకు.

మరి మీ తెర మీద ఏమంటుండు? "గిప్పటికీ బాయి మెట్లు ఆగకుంట ఎక్కుత. పోరగాండ్లే నా ఎనుక రొప్పుకుంట వస్తరు."

నిన్న బోర్డుకు పోయిండు. డాక్టరు నవ్విండట. నిన్ను తెర మీద చూసిన, నువ్వు పులివి యిర్మియా అన్నడట. లేదు సారూ, సస్తున్న అనాలె గదా? అనలే. ఛాతి ఇరుచుకొని నిలవడ్డడట. దగ్గొస్తే మింగిండట. ఫిట్ అని రాసిండ్రు.

మళ్ళా బోర్డు పిలిచేటాల్లకు రిటైర్మెంటే అయితది, ఇగ ఆ కొలువు నాకు రాదు.

ఇయ్యాల తొలి షిఫ్టుకు పోయిండు. నేను ఎనుకనే పోయిన. మలుపు కాడ ఆగి ఊపిరి తీసుకుంటుండు. నన్ను చూసి బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగిండు. రబ్బరు బూట్లకు లేసులుంటయా మేడం?

అందుకే వచ్చిన. మొదటిపారి తీసిన ముక్క ఇయ్యుండ్రి. దగ్గి దగ్గి రెండు గ్లాసుల నీళ్ళు తాగిండు చూడుండ్రి, "ఇగ నాతోని కాదు బిడ్డా" అన్నడు చూడుండ్రి, గది. బోర్డోళ్ళ ముంగట పెడ్త.

లేదా? కంప్యూటర్ల మళ్ళొక్కసారి చూడుండ్రి. పెన్‌డ్రైవుల? ఆడ గూడ లేదా?

కడమ తెరల మీది సారవ్వ ఏడ్చింది దాసుకుంటిరి. భూపాల్ కాక తిట్టింది దాసుకుంటిరి. మా బాపు దగ్గే దొరకదు.

నా మొకం ఎందుకు చూస్తున్నరు?

ఉండదు. నాకెరికే.

ఆ దినం మీరు ఫోను మాట్లాడనీకి బయటికి పోతిరి. మైకు నా చేతుల ఉండె. పని మంచిగ చేస్తే హైదరాబాద్‌కు తీస్కపోతనంటిరి గదా, నాకు అదే యావ. "బిచ్చపోనోలె దగ్గకు బాపూ, అక్క ముంగట నా ఇజ్జత్ తియ్యకు" అన్న. ఆయన నా దిక్కు జరసేపు చూసిండు. మొకం తుడుసుకున్నడు. మళ్ళా మొదటి నుంచి చెప్పిండు, పులి లెక్క.

మొదటిది నేనే తుడిపేసిన. మీ కాడ ఇంకోటి ఉంటదేమో అని వచ్చిన, గంతే.

సౌండు పెట్టుకోండ్రి. నాలుగో రోజే గదా, ఇంకా ఇనవడ్తది.