ఆగిన బండికి మొదటి వంతు

1989 జూన్ 12వ తేదీన మార్కాపురంలోని మా రవాణా వైర్‌లెస్ విభాగంలో మెకానిక్‌గా చేరిన శ్రీ కాటమరాజు గారు, సుదీర్ఘ సేవానంతరం ముఖ్య సాంకేతికాధికారిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తర్లుపాడు దగ్గర గొర్రెల కాపరుల ఇంట జన్మించి, కంభంలో విద్యాభ్యాసం ముగించిన వారు, తొలి రోజుల్లో కురిచేడు నుంచి గిద్దలూరు దాకా బస్సుల్లో తిరుగుతూ వైర్‌లెస్ సెట్లు బాగుచేశారు.

ఆనాడు ఒకే చానెల్ మీద ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే ఇద్దరి మాటా పోయేది. ఇప్పుడు బస్సులు, లారీలు, అంబులెన్సులు తామెక్కడున్నాయో రేడియోలో వాటంతటవే చెప్పుకుంటూ మలుపు అవతలి బండిని హెచ్చరిస్తున్నాయి. బండ్లు పెరిగాయి గానీ రేడియో తరంగాల్లో మనకు కేటాయించిన చోటు పెరగలేదు. ప్రతి శాఖా తన బండికే ప్రాధాన్యం కావాలని పట్టుబట్టిన సమావేశాల్లో ఆయన సహనం చూసి నాకే విసుగొచ్చేది. "గాలి అందరిదీనమ్మా. వంతు పెట్టుకోకుంటే ఎవురికీ దక్కదు," అనేవారు. వారి సతీమణి ఆదెమ్మ గారు మాత్రం నాతో, "బండ్లన్నిటికీ వంతులు పెట్టినాడు, ఇంట్లో నా వంతే రాలేదు హన్నమ్మా," అని నవ్వుతారు.

నల్లమల ఘాట్ రోడ్డులో ఈ రేడియో వంతుల ఏర్పాటును పరీక్షించినప్పుడు, వేగంగా పోయే బండ్లకు ఎక్కువ వంతులు, నిలిచిన వాటికి తక్కువ అని నియమం రాసింది వారే. మేమంతా మెచ్చుకున్నాం. ఒక మధ్యాహ్నం డ్రైవర్ దేవదానం నడుపుతున్న బస్సు, నిండా ప్రయాణికులతో, మలుపులో చెడిపోయి నిలిచింది. నిలిచిన బండి కావడంతో దాని వంతు రాలేదు. వెనక పలకరాళ్ల లోడుతో దిగుతున్న లారీకి హెచ్చరిక అందలేదు. దేవదానం ఎర్ర తువ్వాలు ఊపుతూ ఎదురు పరుగెత్తబట్టి లారీ బస్సుకు బారెడు దూరంలో ఆగింది.

విచారణలో నెపం పరికరం మీదికి నెట్టే వీలుండేది. కాటమరాజు గారు లేచి నిలబడ్డారు.

"తప్పు నాది సార్. మందలో ఆగిపోయిన గొర్రెను మా నాయన ముందు చూసేవాడు. అది తెలిసి గూడా ఆగిన బండి గొంతు నేనే నొక్కినా."

ఆ మాటకు వారి పదోన్నతి వెనక్కి పోయింది. ప్రమాదం ఎవరికి ఎక్కువో వారిదే మొదటి వంతని, మలుపులో ఆగిన బండి మాట అన్నిటికన్నా ముందు వినాలని నియమం మాత్రం వెంటనే మారింది. ఆ దారిన పోయే మన పిల్లలంతా ఈనాడు దాని నీడలోనే ప్రయాణిస్తున్నారు.

ఆదెమ్మ గారి వంతు ఇకనైనా తీరిగ్గా వింటూ, వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. రేపటి నుంచి తానూ ఆగిన బండినే అని వారు అనుకోవచ్చు. కాటమరాజు గారూ, నియమం మీరు రాసిందే: మీరు పిలిచిననాడు మేమంతా నోరు మూసుకుని ముందు మీ మాటే వింటాం.

— హన్నా, సహోద్యోగిని