తట్టతో సహా పంపు

పిల్ల ఒళ్లో పూలు కనబడగానే నేను దానిచేత చాకిరీ చేయిస్తున్నట్టేనా మేడమ్? కిటికీలోంచి ఫొటో తీసిన ఆ పెద్దమనిషి లోపలికొచ్చి ఒక్క మాట అడిగితే ఏం పోయింది? నేరుగా మీ విద్యాశాఖ ఆఫీసుకి పంపించాడు.

మీరు కూర్చోండి. నేను నిలబడే చెప్తాను, పొద్దుట్నుంచీ నాకు కాలు నిలవట్లేదు.

ముత్తుపేచ్చి నాలుగో క్లాసు. జూన్‌లో వచ్చినప్పుడు బెంచీ మీద నిమిషం కూర్చుంటే ఒట్టు. పక్కదాని జడ లాగేది. పాఠం మధ్యలో లేచి, వీధిలో హారన్ కొట్టిన ఆటో ఎవరిదో చూసొచ్చేది. ముందు బెంచీలోకి మార్చాను. లెక్కలు ఒక్కొక్కటే విడగొట్టి ఇచ్చాను. పెద్దాసుపత్రి డాక్టరమ్మ చూసి, పొగరు కాదమ్మా, ఏడీహెచ్‌డీ, చేతులకేదైనా పని పెట్టి చూడండి అంది. రబ్బరు బంతి ఇచ్చాను. అది కాస్తా ఫ్యానుకి తగిలింది.

ఆ తర్వాతే మల్లెమొగ్గలు. అరటినార వేళ్లకి చుట్టుకుని, ఇటు రెండు, అటు రెండు, ఒక ముడి. వేళ్ల పని వేళ్లది, చెవులు మాత్రం నా దగ్గర. నమ్మరు కదా? భిన్నాలు చెప్తుంటే తలెత్తకుండానే, "టీచర్, కింద అంకె పెరిగితే ముక్క చిన్నదైపోద్దా?" అంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మిగతా పిల్లలా? రెండ్రోజులు వింతగా చూశారు, అంతే.

పూసలిచ్చి గుచ్చమనొచ్చుగా అంటారు. ఇవ్వొచ్చు. ఆ పూలెవరివంటే... కాసిని మంచినీళ్లు తాగొచ్చా?

వాళ్లమ్మవి. పాండియమ్మ, బస్టాండు ముందు పూలమ్ముతుంది. జులైలో పిల్లని బడి మానిపించేసింది. ఇంటికెళ్లి అడిగితే, "చదువు దాని బుర్రకెక్కట్లేదని మీరేగా అన్నారు టీచరమ్మా. ఇంట్లో ఉంటే సాయంత్రానికి తట్టెడు కట్టుద్ది" అంది. వాదించాను, బతిమాలాను. ఆఖరికి నా నోటితో నేనే అన్నాను, ఆ తట్టతో సహా పంపు, నా క్లాసులోనే కడుతుందిలే అని.

అవును. కట్టిన మూరలన్నీ సాయంత్రం తల్లికే పోతాయి. ఫిర్యాదులో రాసింది నిజమే. పూలు కడుతూ ఉంటే పిల్లకి పాఠం ఎక్కుతోందని తర్వాత తెలిసింది. ముందు జరిగింది బేరం.

ఇప్పుడు ఆవణి నెల వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. రోజురోజుకీ తట్ట బరువెక్కుతోంది. ఈ వారమంతా ముత్తుపేచ్చి ఒక్క ప్రశ్న అడగలేదు. పిలిచినా పలకదు. తట్ట ఖాళీ చెయ్యాలన్న ధ్యాస తప్ప దానికింకేం లేదు. నేను బోర్డు మీద రాస్తూనే ఉన్నాను.

పూలు ఆపమని రాస్తే రేపట్నుంచి పిల్ల రాదు. రాయకపోతే వస్తుంది, వచ్చి పూలు కట్టుకుంటుంది.

మీకేది తోస్తే అది రాయండి, సంతకం పెడతాను. పాండియమ్మతో మాత్రం మీరే మాట్లాడండి మేడమ్. నన్ను పంపితే ఇంకో తట్టకి ఒప్పుకుని వస్తాను.